చెయ్యి కలిపాక

1979 జనవరి 9
కుస్తీ నేర్పే మా తాలీంలో ఈ పొద్దు మళ్లీ నెత్తురు. మా అక్క కొడుకు మల్లేశం న్యాల్‌కల్ పహిల్వాన్‌ను ఎత్తి కుదేశాడు. మూతి పగిలి, పన్ను ఊడి గోదా ఎర్రమట్టిలో పడింది. నేను దాన్ని ఏరి ఉస్తాద్ చాయ్‌లో వేశాను. సగం తాగాక చూశాడు... తాలీం చుట్టూ తరిమి కొట్టాడు.

జనవరి 12
జిల్లా పోటీలకు పోయే పహిల్వాన్లకు దవాఖానలో గుండె పరీక్ష. మల్లేశం రొమ్ము మీద పెట్టిన గొట్టం డాక్టర్ ఎంతసేపటికీ తీయడే. నన్ను పక్కకు పిలిచాడు. "చప్పుడు తేడాగా ఉంది. హైదరాబాద్‌లో ఈసీజీ తీయించండి. అప్పటిదాకా కుస్తీ వద్దు. పట్టు మధ్యలోనే గుండె ఆగిపోవచ్చు."

జనవరి 13
మల్లేశానికి చెప్పాను. పడిపడి నవ్వాడు. "డాక్టర్‌కు ఏం తాగించినవ్ మామా?" అక్క కూడా — "తమ్మీ, నీ పరాచికాలకు నా కొడుకే దొరికిండా?" నిరుడు ఉస్తాద్ చచ్చాడని చెప్పి పాడె కట్టించినవాణ్ణి. ఎవడు నమ్ముతాడు? మళ్లీ డాక్టర్ దగ్గరికి రమ్మంటే — "గాయిన గూడ నీ మనిషే."

జనవరి 15
జాతరలో వెండి కడెం కుస్తీకి బీదర్ పహిల్వాన్‌తో చెయ్యి కలిపి, పందెం ఒప్పుకుని వచ్చాడు మల్లేశం. ఆపమని ఉస్తాద్ కాళ్ల మీద పడ్డాను. తల అడ్డంగా ఊపాడు. "చెయ్యి కలిపినంక కాలో చెయ్యో బొక్క ఇరిగినోడే తప్పుకోవాలె. ఉత్తగ తప్పుకున్నోణ్ణి తాలీం మెట్టు ఎక్కనియ్య."

జనవరి 16
బొక్క... ఆ మాట చెవిలోంచి పోదు.

జనవరి 19
జాతర పొద్దు. తాలీంలో మల్లేశం ఒక్కడే, ఒంటికి నూనె రాసుకుంటున్నాడు. కసరత్తు గద ఎత్తాను. "మళ్ల ఏం ఆట మామా?" — నవ్వుతూనే ఉన్నాడు. కుడి మణికట్టు మీద దించాను. ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడు. ఎడమ చేత్తో కొట్టాడు. మళ్లీ. మళ్లీ. ముక్కు, మూతి, పక్కటెముకలు. "కొట్టురా! ఎంత కొడ్తవో కొట్టు, గోదల మాత్రం దిగకు!" అని అరిచాను. దెబ్బలు తింటూ వాడి రొమ్మునే చూస్తున్నాను — ఆగుతుందేమోనని. నా పన్నూ మట్టిలో పడింది. ఎవరూ ఏరలేదు.

జనవరి 20
వాడి చేతికి పట్టీ. అక్క నన్ను చెప్పుతో కొట్టింది. మంచిదే.

జనవరి 22
హైదరాబాద్ బస్సు. వాడే లేపుకొచ్చాడు. "నడువ్. గుండె మంచిగుందని డాక్టర్‌ను రాసియ్యనీ... నిన్ను గాడనే సంపుత."
కిటికీకి ఆనుకుని నిద్రపోయాడు. నోరు తెరిచి. రొమ్ము లేస్తోంది... లేస్తోందా?
చంపనీ. డాక్టర్ అట్లాగే రాయాలి.