మేడ మీది శవం తుమ్మింది

బాలమణీ,

మన చంటి నన్ను బాపూ అని పిలిచాడే! కెమెరా ముందు, లైట్లన్నీ వెలుగుతుండగా, లోకమంతా వినేట్టు పిలిచాడు! నీకిది చదివిపెడుతున్న పక్కింటి స్ఫూర్తిని ఇక్కడ కాస్త ఆగమను. నువ్వు కళ్ళు తుడుచుకున్నాక మిగతాది చదవమను. ఫోన్ చేద్దామంటే అందులో నీకు మాట సరిగా వినపడదు, నాకేమో ఏడుపాగదు. అందుకే ఈ ఉత్తరం.

నిన్ను మీ అన్న ఇంటికి పంపాక నేనెట్లా ఉన్నానో ఇన్నాళ్ళూ నీకు నిజం చెప్పలేదు. జూబ్లీహిల్స్ మేడ, చల్లటి గది, మెత్తటి మంచం అని గొప్పలు చెప్పాను. కిటికీ పరదా జరపకూడదనీ, గట్టిగా దగ్గకూడదనీ చెప్పలేదు. చంటి మేనేజర్ పట్టాభిరామయ్య గారు మొదటిరోజే చేతులు పట్టుకున్నాడు. "హీరోగారు అనాథ, ఎవరూ లేకుండా ఒంటరిగా పైకొచ్చాడని ప్రచారం చేశామండీ. సినిమా వచ్చేదాకా మీరు కాస్త కనపడకుండా సర్దుకోండి" అన్నాడు. కొడుకు బాగు కోసమే కదా అని తలూపాను. మన చుట్టాలందరి గోడల మీంచీ వాడి ఫోటోలు తీయించింది కూడా అందుకే కదా.

మనం ఇదివరకున్న కృష్ణానగర్ గదిలో పక్కింటి కుక్కర్ కూత, ఎదురింటి డాన్సు పిల్లల కొట్లాటలు వినపడేవి. ఇక్కడ ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. జీవితమంతా సినిమాల్లో శవం వేషాలు వేసినవాణ్ణి, ఊపిరి బిగబట్టడం నాకు కొత్త కాదు. కానీ అక్కడ 'కట్' అనగానే లేచి కూర్చుని బీడీ అడిగేవాణ్ణి. ఇక్కడ కట్ చెప్పేవాళ్ళే లేరు. వంటామె శేషారత్నం ఒక్కతే పళ్ళెం తెచ్చి, "ఏవండీ శవంగారూ, లేచి రెండు ముద్దలు తినండి" అని నవ్వించేది. ఆమె దిగిపోయాక మళ్ళీ గోడలే.

వాడి సినిమా పేరు 'కైవల్యం'. ఒకరోజు పైకొస్తే అడిగాను, "అదేందిరా, గా మాట నేనెన్నడు ఇనలే" అని.

"మామూలుగా మోక్షమంటరు బాపూ. యోగశాస్త్రంల మాత్రం ఒంటరిగా మిగులుడు. చూసెటోడు, చూసేటియన్నీ ఇడిసిపెట్టి, కేవలం తానే ఉంటడు. ఇగ ఎవ్వలికోసం ఎదురుచూడడు."

"గట్లయితే నాది కైవల్యం కాదు బిడ్డా. పొద్దుగూకితే నీ కారు హారన్ కోసమే చెవులొగ్గి కూసుంట" అన్నాను. తప్పు పట్టి అనలేదు, మాటకు మాట అన్నాను. వాడు మొహం తిప్పుకుని దిగిపోయాడు. తరవాత పైకి రావడమే మానేశాడు. గోడకు తల ఆనించి, అనకుండా ఉండాల్సింది అని ఎన్నిసార్లు అనుకున్నానో!

నిన్న కింద హాల్లో చంటి ఇంటర్వ్యూ జరిగింది. నేను మంచం మీద శవంలాగే పడుకున్నాను. పద్మప్రియ అనే అమ్మాయి సినిమా పేరుకు అర్థం అడిగింది. నాకు చెప్పినట్టే చెప్పాడు. "మీకూ ఎవరూ లేరు కదండీ, అయితే మీది కూడా కైవల్యమేనా?" అంది. వాడు "అవును" అనబోతున్నాడని నాకు తెలుసు. అనేస్తే మనం ఇక ఎప్పటికీ లేనట్టే. సరిగ్గా అప్పుడే శేషారత్నం వేసిన ఎండుమిరపకాయల పోపు ఘాటు మెట్లెక్కి నా ముక్కులోకి దూరింది. ముక్కు మూసుకున్నాను, దిండు కొరికాను. ఆగలేదు బాలమణీ. ఇల్లదిరిపోయేట్టు తుమ్మాను.

"పైనెవరండీ?" అంది ఆ అమ్మాయి.

"ఏసీ రిపేరువాడండీ" అన్నాడు పట్టాభిరామయ్య గారు.

రెండో తుమ్మూ వచ్చింది.

"ఏసీ ఆయన కాదు. మా బాపు" అన్నాడు చంటి. "నాకు ఎవ్వలు లేక కాదమ్మా. ఉన్నోళ్ళను దాచిపెట్టిన. దీనికి కైవల్యమని పేరు పెట్టకుండ్రి." తరవాత తల పైకెత్తి అరిచాడు, "బాపూ, కిందికి రా!"

ఒక కాలికే చెప్పుతో, లుంగీతో దిగాను. ఏం మాట్లాడాలో తెలియక, "షాట్ ఖరాబు చేసిన, మాఫ్ చేయుండ్రి" అన్నాను. వాడు ఏడుస్తూనే నవ్వి నన్ను గట్టిగా పట్టుకున్నాడు. "కథంతా పోయిందండీ" అని పట్టాభిరామయ్య గారు తల పట్టుకున్నాడు. సినిమా ఏమవుతుందో తెలియదు. చంటి మొహంలో భయం ఉంది, నాకూ ఉంది. అయినా ఇది గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో, ఎండలో కూర్చుని రాస్తున్నాను. ఆదివారం నిన్ను తీసుకురావడానికి వాడే వస్తున్నాడు.

నీ
ఓదెలు

కబురు చెప్పాల్సినవాళ్ళు: ముందు మీ అన్న పోచయ్య బావ, వాడి ఫోటో మళ్ళీ గోడకు తగిలించమను. మంథనిలో మా చెల్లె లచ్చవ్వ. స్ఫూర్తి వాళ్ళ అమ్మానాన్న. ఇక్కడికి దగ్గర్లోనే షేక్‌పేటలో ఉండి కూడా నన్ను చూడలేకపోయిన మేనల్లుడు చింటు. మా పెద్దమ్మ, ఆమెకు చెవి దగ్గర అరిచి చెప్పాలి. ఇంకా, ఊరికి పోయేటప్పుడు బస్సులో నీ పక్కన కూర్చుని, పిల్లలెందరని అడిగిన ఆమె. లేరని చెప్పినందుకు దారంతా ఏడ్చానన్నావే. చుట్టం కాకపోయినా సరే, ఆమె ఎక్కడన్నా కనపడితే ఆపి మరీ చెప్పు, మనకొక కొడుకున్నాడని.