జడ్జిగారి నడుము

అత్తయ్యగారికి,

నమస్కారాలు. నేనూ మీ అమ్మాయీ కులాసాగా ఉన్నాం. మీరు ఫోను ఎత్తరు. ఎత్తినా "ఏమున్నా కాగితం మీద పెట్టు, ఫోన్లో అల్లుళ్ళు మాటకి అడ్డొస్తారు" అని పెట్టేస్తారు. అందుకని ఈ ఉత్తరం మీ అమ్మాయి చేతికిచ్చి పంపుతున్నాను.

విషయం చిన్నదే. మా పశువుల ఆసుపత్రిలో ఎమ్మారై మిషను నడిపేది నేనేనని మీకు తెలుసు కదా. పొడుగు నడుము, పొట్టి కాళ్ళు ఉన్న కుక్కల కోసం అందులో కొలతలు కొత్తగా సరిచేస్తున్నాం. జబ్బు కుక్క బొమ్మ చూసి "ఇదిగో ఇక్కడ తేడా" అనాలంటే, పక్కన పెట్టి చూసుకోవడానికి ఆరోగ్యంగా ఉన్న కుక్క బొమ్మ ఒకటి ఉండాలి. నమూనా అన్నమాట. ఆ జాతిలో నాకు తెలిసిన సాధారణమైన కుక్క మన జడ్జిగారే. ఒక్క పూట పంపారంటే నడుము స్కాన్ తీసి, వాణ్ణి క్షేమంగా ఇంట్లో దింపుతాను.

మీ అల్లుడు

తా.క.: నొప్పి ఏమీ ఉండదు. వాడికి.

*

అల్లుడుగారికి,

ఆశీస్సులు. నేను "గారు" తగిలించానంటే నాకు ఒళ్ళు మండిందని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

సాధారణమైన కుక్కా? ఎవరు? వాడా? మా పక్కింటి మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటే వాడు గుమ్మంలో కూర్చుని, చెవులు వేలాడేసుకుని ఇద్దరి మాటా విని, చివరికి తప్పు ఎవరిదో వాళ్ళ మీదే మొరుగుతాడు. ఇంతవరకూ ఒక్క తీర్పూ తప్పలేదు. ఊరికే వచ్చిందా వాడికి ఆ పేరు? మీ పెళ్ళిచూపుల రోజున మీ మీద మొరగలేదు కాబట్టే నేను ఒప్పుకున్నాను. ఆ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

మీకు నమూనాయే కావాలంటే వాడి బుర్ర తీసుకోండి. అందులో చూడ్డానికి బోలెడంత ఉంది. నడుములో ఏముందండీ? నడుము అందరికీ ఉంటుంది. నడుము మాత్రం ఇవ్వను.

వాడు భేషుగ్గా ఉన్నాడు. ఎవరైనా కాదంటే నా ముందుకొచ్చి అనమనండి.

మీ అత్తగారు

తా.క.: ఈమధ్య మెట్లెక్కడం మానేశాడన్నది నిజమే. మూడంతస్తులూ నేనే ఎత్తుకుని తీసుకెళ్తున్నాను. అది చేతకాక కాదు. హోదా.

*

అత్తయ్యగారికి,

నమస్కారాలు. సాధారణం అంటే జబ్బు లేనిది అని మాత్రమే నా ఉద్దేశం. జడ్జిగారి హోదాని తక్కువ చేసే ధైర్యం నాకు లేదు.

బుర్ర కూడా తీస్తాను. మా మిషను మనుషుల కోసం చేసింది, అందులో మోకాలికి తొడిగే చట్రం ఒకటి ఉంటుంది. చిన్న కుక్కల తల అందులో అచ్చంగా సరిపోతుంది. కానీ అత్తయ్యా, నడుము తప్పదు. దయచేసి తప్పించకండి.

ముందు రోజు రాత్రి నుంచి తిండి పెట్టకూడదు. మెడపట్టీ, గంటలు, ఇనుము అన్నది ఒంటి మీద ఏదీ ఉండకూడదు. లోపల కదలకుండా ఉండాలి కాబట్టి మత్తు ఇస్తారు. మిషను డబడబా మోగుతుంది, అందుకని చెవుల్లో దూది పెడతాం. మెత్తటి దిండు తొట్టిలో వెల్లకిలా పడుకోబెడతాం. ముందు వీపంతా నిలువుగా బొమ్మలు తీసి, అనుమానం ఉన్నచోట మూడు మిల్లీమీటర్లకొకటి చొప్పున అడ్డంగా తీస్తాం. ఒక వరసలో నీరు తెల్లగా కనిపిస్తుంది, ఒక వరసలో కొవ్వు తెల్లగా కనిపిస్తుంది. ఇంకో వరసలో కొవ్వుని మాయం చేసేస్తాం, వాపు ఉంటే బయటపడుతుంది.

మీ అల్లుడు

తా.క.: మెట్ల సంగతి నేను అడగడం లేదు. వెనక కాళ్ళ గోళ్ళు అరిగాయా అని కూడా అడగడం లేదు.

*

అల్లుడికి,

ఆశీస్సులు. కోపం కాస్త తగ్గింది, కాబట్టి "నువ్వు" అనే రాస్తున్నాను. మళ్ళీ పెరగదని పూచీ లేదు.

జడ్జిగారి తల తీసుకెళ్ళి మోకాలి చట్రంలో పెడతావా? మీ ఆసుపత్రిలో తలకొక చట్రం, మోకాలికొక చట్రం కొనుక్కునే దిక్కు లేదా? సరే, పెట్టుకో. వాడికి మాత్రం చెప్పకు.

మూడు మిల్లీమీటర్లకొకటా? మొదటి నుంచీ నీది పిసినారి చెయ్యే. పరాయివాళ్ళ కుక్కలకి మూడు పెట్టుకో నాయనా, కాదనను. మనవాడికి మిల్లీమీటరుకొకటి చొప్పున సన్నగా తియ్యకూడదూ? లోపల నువ్వే కదా ఉండేది, అడిగేవాళ్ళెవరు? వెల్లకిలా పడుకోబెట్టేటప్పుడు దుప్పటి కప్పు. నలుగురూ తిరిగే చోట వాడి పరువు పోకూడదు. ఇక కొవ్వు సంగతి. మా అమ్మాయి నీకేం ఎక్కించిందో గానీ, వాడికి అంత కొవ్వేమీ లేదు. మాయం చేసే ఆ వరస ఏదో మీ మామగారి పొట్టకి పెట్టు, పుణ్యం ఉంటుంది.

ఇంకో మాట. అనుమానం ఉన్నచోట అడ్డంగా తీస్తాం అన్నావు. నమూనా కుక్క మీద అనుమానమేమిటయ్యా? వద్దులే, నేను అడగను, నువ్వు చెప్పకు.

గురువారం తీసుకొస్తాను. వాడితోపాటు నేనూ ఏమీ తినను. వాడు నా మొహం చూస్తుంటే నాకు ముద్ద దిగదు.

మీ అత్తగారు

తా.క.: గోళ్ళు అరగలేదు. అందం కోసం నేనే అరగదీశాను. వెనక కాళ్ళవి మాత్రమే.

*

అత్తయ్యగారూ,

ఏమిటండీ ఆ పని? మత్తు దిగీ దిగకముందే వాణ్ణి దుప్పట్లో చుట్టేసుకుని వెనక తలుపులోంచి వెళ్ళిపోతారా? మా ఆసుపత్రి సర్జనమ్మ వీధి మలుపు దాకా మీ వెనకాల పరిగెత్తింది. మీరు వెనక్కి చూసి కూడా టాక్సీ ఎక్కేశారట.

అడ్డం బొమ్మలు మూడు మిల్లీమీటర్లకే తీశాను. మరీ సన్నగా తీస్తే బొమ్మ చుక్కలు చుక్కలుగా పాడవుతుంది, పైగా వాణ్ణి మత్తులో ఇంకా చాలాసేపు ఉంచాలి. పిసినారితనం కాదు.

ఇప్పుడు చెప్పేది కూర్చుని చదవండి. వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కులుంటాయి. వాడి నడుములో ఒక డిస్కు జారి వెన్నుపాముని నొక్కుతోంది. ఇలాగే వదిలేస్తే వెనక కాళ్ళు రెండూ పడిపోతాయి. వెంటనే ఆపరేషన్ చేస్తే మళ్ళీ నడుస్తాడనే సర్జనమ్మ అంటోంది, ఆలస్యం చేస్తే మాత్రం మాట ఇవ్వలేనంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. నమూనా అన్నది అబద్ధం. నమూనా బొమ్మలు మా దగ్గర కావలసినన్ని ఉన్నాయి. మీ ఇంటి మెట్ల దగ్గర వాడు కాళ్ళు ఈడ్చడం చూసి మీ అమ్మాయి ఏడుస్తూ వచ్చింది. జబ్బు అంటే మీరు తీసుకురారని అలా అన్నాను. నన్ను ఎన్ని తిట్లయినా తిట్టండి. కానీ వాణ్ణి తీసుకొచ్చి తిట్టండి.

మీ అల్లుడు

తా.క.: బుర్ర కూడా ఒక వరస తీశాను. చాలా బాగుంది.

*

అల్లుడికి,

దీవెనలు. నీ ఉత్తరం చదివి వాణ్ణి ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాను. ఇది మీ ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. జడ్జిగారినీ నిన్నూ లోపల పెట్టి తలుపేశారు. రాస్తూ ఉండకపోతే ఈ తలుపు బద్దలుకొట్టేలా ఉన్నాను.

అబద్ధం చెప్పానని బాధపడకు. నీ చేత చెప్పించింది నేనే. మా అమ్మాయి కళ్ళు ఎంత చురుకో పెంచినదాన్ని నాకు తెలియదా? ఇంట్లోకి ఏనుగు దూరినా చూడదు. అందుకే ఆ రోజు వాణ్ణి సరిగ్గా దాని కాళ్ళ ముందు మెట్ల దగ్గర దింపి, "తాళం వేశానో లేదో" అనుకుంటూ పైకి పోయాను. వాడు మెట్టెక్కలేక పడిపోవడం అది చూడాలనే. చూస్తే నీకు చెబుతుంది, వింటే నువ్వు ఊరుకోవు. ఊరుకునేవాడివైతే నీకు పిల్లనిచ్చేదాన్నా? నమూనా అంటావని మాత్రం అనుకోలేదు. అది నీ సొంత తెలివి. బాగుంది.

నేరుగా అడగొచ్చు కదా అంటావు. నోరు రాలేదయ్యా. వాడికి జబ్బు అని నా నోటితో అంటే అది నిజమైపోతుందని భయం. పైగా అత్తగారికి భయమని అల్లుడికి తెలిసిపోతే, ఆ తర్వాత ఆవిడ మాట ఎవరు లెక్కచేస్తారు? నీతో తగవు పెట్టుకున్నంతసేపూ నాకు భయం తెలియలేదు. గురువారం నువ్వు మిషను గదిలోంచి బయటికొచ్చినప్పుడు నీ మొహం చూశాను. అందుకే పారిపోయాను.

ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలపాటు వాడు ఒక్క మెట్టు కూడా ఎక్కకూడదని సర్జనమ్మ చెప్పింది. మీది కింది వాటా. వాడూ నేనూ మీ ఇంటికే వస్తున్నాం. మీ మామగారు మా మూడో అంతస్తులోనే ఉంటారు, ఆయన నడుము బాగానే ఉంది.

మీ అత్తగారు

తా.క.: ఇప్పుడే నువ్వు బయటికొచ్చావు. ఆపరేషన్ అయిపోయిందట. వెనక కాలి వేలు గట్టిగా గిల్లి చూడమని సర్జనమ్మ అందట, నువ్వు గిల్లావట, వాడు సగం మత్తులోనే తల తిప్పి నీ వేలు కొరికాడట. ఆ నొప్పి తెలిసిందంటే కాళ్ళు వచ్చినట్టేనట. నెత్తురు కారుతున్న వేలు పైకెత్తి "కొరికాడత్తయ్యా, కొరికాడు!" అని నువ్వు ఏడుస్తూ, నేను పగలబడి నవ్వుతూ ఉంటే, పిల్లి బుట్టతో పక్కన కూర్చున్నాయన లేచి దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. ముందు ఆ వేలికి కట్టు కట్టించుకో. సాయంత్రం మీ పడగ్గది ఖాళీ చెయ్యాలి, మంచం జరపడానికి ఆ చెయ్యి కావాలి.