ఎనిమిదో అంతస్తు పెద్దావిడ

అక్కా,

ఉత్తరం చూసి ఎవరికో ఏదో అయిందని గుండె పట్టుకోకు. అందరం తిని తిరుగుతూనే ఉన్నాం. ఫోను చేయొచ్చు కదా అంటావు. ఫోనులో అయితే నేను రెండో మాట చెప్పేలోపే నువ్వు తిట్లు అందుకుంటావు. కాగితం దగ్గర ఆ బాధ లేదు. అక్కడ కూతురి ఇంట్లో పురుడు పనుల్లో కాస్త తీరిక దొరికినప్పుడు కూర్చుని చదువు. బావకి మాత్రం చెప్పకు.

మా లిఫ్టుల ఆఫీసుకి కొత్త మేనేజరమ్మ వచ్చిందని చెప్పాను కదా. వచ్చీ రాగానే నా బల్ల మీద ఇటుకంత పుస్తకం ఒకటి పెట్టింది. డేటా గిడ్డంగి ఎలా కట్టాలి, అందులోంచి సంగతులు ఎలా తీయాలి అని, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం రాసిందట. "ఫిర్యాదులు రాసేది మీరే కాబట్టి నేర్చుకోవాల్సిందీ మీరే" అంది. తొమ్మిదో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. నా ఇంగ్లీషు లిఫ్టు తలుపు మీద రాసినంతే. అయినా పట్టు పట్టాను. గిడ్డంగి అంటే మూటలేం ఉండవక్కా. నా దగ్గర ఫిర్యాదుల పుస్తకం, టైపు చేసే అమ్మాయి దగ్గర మెకానిక్కులు వెళ్ళొచ్చిన చీటీలు, స్టోరులో సామాన్ల పుస్తకం, ఎవరి ఏడుపు వాళ్ళది. వాటన్నిటినీ ఒకే చోటికి తెచ్చి, ఒకే తీరులో పేర్చి, ఆపైన ప్రశ్నలడగాలి. అత్తా కోడళ్ళు విడివిడిగా చెప్పిన కథలు విని, తర్వాత ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టినట్టన్నమాట.

నాలుగేళ్ళ ఫిర్యాదులు రెండు వేళ్ళతో కొట్టి ఎక్కించాను. నిన్న మొదటిసారి ఒక ప్రశ్న అడిగాను: ఏ భవనంలో లిఫ్టు ఎక్కువసార్లు ఆగింది? రంగురంగుల స్తంభాలు లేచి నిలబడ్డాయి. నా సంబరం చూడాలి నువ్వు! సరిగ్గా చూసుకోకుండానే అచ్చు తీసి పరిగెత్తుకెళ్ళి మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, స్తంభాల కింద అచ్చయిన పేర్లు కూడా చదివింది. "ఈ ఒక్క స్తంభం ఏంటండీ తాడిచెట్టులా ఉంది? అందులోనూ ఎనిమిదో అంతస్తు పెద్దావిడే నలభై మూడు సార్లు ఫిర్యాదు చేసింది. ఇక్కడి మెకానిక్ ఎవరు?"

మన బావే అక్కా.

ఇంక దాచి లాభం లేదు. ఆ భవనానికి ఉన్నవి ఏడంతస్తులే. ఆ పెద్దావిడ నా సృష్టి. ఊసుపోనప్పుడల్లా బావకి ఫోను చేసి "లిఫ్టు ఆగింది, జనం గోల పెడుతున్నారు" అనేవాణ్ణి. పాపం సంచీ భుజాన వేసుకుని పరిగెత్తేవాడు. ఆగిందన్న లిఫ్టు ఎక్కకూడదు కాబట్టి పైకప్పు మీది మోటారు గది దాకా మెట్లెక్కి, ఏమీ లేదని దిగొచ్చేవాడు. నేను ఇక్కడ పొట్ట చేత పట్టుకుని నవ్వేవాణ్ణి. పుస్తకంలో ఏదో ఒక పేరుండాలి కాబట్టి ఆ పెద్దావిణ్ణి రాసేవాణ్ణి.

ఎందుకు చేశావురా అంటావు. నన్ను ఈ పనిలో పెట్టించిన రోజున బావ నలుగురిలో "మా బావమరిది, చదువు రాలేదు, ఏదో ఒకటి చూడండి" అన్నాడు. చెవుల్లోంచి పొగలొచ్చాయి. పైకి నవ్వాను. లోపల అది చేప ముల్లులా ఉండిపోయింది. చదువుకున్నోడివి కదా, ఎక్కు మెట్లు అనుకునేవాణ్ణి. బావ మోకాళ్ళకి నువ్వు నూనె రాస్తుంటే పక్కనే కూర్చుని టీవీ చూసిన రోజులున్నాయక్కా నాకు.

సోమవారం నాడు బావని లిఫ్టుల పని నుంచి తీసేసి సామాన్లు మోసే పనిలో వేస్తుందట మేడమ్. ఆ పెద్దావిడకి స్వయంగా క్షమాపణ చెప్పడానికి కూడా వెళ్తానంటోంది. ఎక్కడికి వెళ్తుంది, ఆకాశంలోకా?

పుస్తకంలో ఒక దారి దొరికింది. నాలుగో పాఠం: పనికిరాని వరసలు తీసేసి డేటాని శుభ్రం చేసుకోవాలట. రేపు పొద్దున్నే పెద్దావిణ్ణి శుభ్రంగా సాగనంపుతాను.

నీ తమ్ముడు,
కోతి

*

అక్కా,

మళ్ళీ నేనే. ముందు కాసిని మంచినీళ్ళు తాగు.

నలభై మూడు వరసలూ తీసేశాను. స్తంభం పొట్టిదైపోయింది. "మొదటిదాంట్లో తప్పులు దొర్లాయి మేడమ్, ఆ పెద్దావిడవన్నీ పొరపాటున ఎక్కినవే, పుస్తకం చెప్పినట్టు శుభ్రం చేశాను" అని పెద్ద పండితుడిలా చెప్పాను. ఆవిడ మెచ్చుకుంది కూడా. మెచ్చుకుని, "మరి ఆరో పాఠం కూడా చేయండి, ఫిర్యాదుల్నీ మెకానిక్కుల చీటీల్నీ జత చేయండి" అంది. టైపు అమ్మాయి అప్పటికే చీటీల్లోంచి తేదీ, భవనం, టైము ఎక్కించి పెట్టింది. లోపం ఏమిటన్న గడి ఇంకా ఖాళీయే. జత చేశాను.

అందరి చీటీలకీ జత దొరికింది. బావవి నలభై మూడు ఒంటరిగా మిగిలాయి. ఫిర్యాదు లేదు, చీటీ మాత్రం ఉంది. అప్పుడర్థమైందక్కా నేనేం చేశానో. మేడమ్ ముఖం నల్లబడింది. "పిలవకుండానే నలభై మూడు సార్లు వెళ్ళినట్టు రాశాడా ఈయన? ఆ టైములో ఎక్కడ తిరిగొచ్చాడు? ఇది దొంగ చీటీల కేసు. పనిలోంచే తీసేయాలి."

మొదట బావని పని చేతకానివాణ్ణి చేశాను. ఇప్పుడు దొంగని చేశాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క స్క్రూ ఇంటికి తేని మనిషిని! ఒక్క తుడుపుతో ఇంత పని జరుగుతుందని ఆ ఇటుక రాయిలో ఏ పేజీలోనూ రాయలేదు. రాసే ఉంటుందేమో, నాకే ఇంగ్లీషు రాదు.

రెండు రోజులుగా అన్నం మట్టిలా ఉంది. బావ ఏమీ తెలియక నిన్న నా బల్ల దగ్గరికొచ్చి, "ఏరా, స్తంభాలు కడుతున్నావంటగా, మేస్త్రీవి ఎప్పుడయ్యావు?" అని వీపు చరిచి వెళ్ళాడు. ఆ చెయ్యి బరువు ఇంకా అక్కడే ఉంది.

సోమవారం ఉదయం మేడమ్‌కి అంతా చెప్పేస్తాను. రాజీనామా కాగితం జేబులో పెట్టుకున్నాను. నా పని పోతే పోనీ. నువ్వు నా ముఖం చూడనంటే మాత్రం నాకు దిక్కు లేదు.

తమ్ముడు

*

నా బంగారు అక్కా,

తిట్టాలని దాచుకున్న తిట్లన్నీ పసిదానికి జోలపాటగా పాడేసుకో. నేను బతికాను!

సోమవారం తలుపు తోసుకుని లోపలికెళ్ళి, కూర్చోమనకముందే మొదలెట్టాను. పెద్దావిడ లేదన్నాను, ఎనిమిదో అంతస్తు లేదన్నాను, ఫోన్లన్నీ నేనే చేశానన్నాను, తుడిచిందీ నేనేనన్నాను. రాజీనామా కాగితం బల్ల మీద పెట్టాను. మేడమ్ దాన్ని పక్కకి నెట్టింది. "మీ మాట మాత్రం ఎందుకు నమ్మాలి? బావని కాపాడటానికి చెప్తున్నారేమో." అదీ నిజమే కదా! అబద్ధాలకోరు నిజం చెబితే ఇదే గతి. బావని పిలిపించింది, అసలు చీటీల కట్ట తెప్పించింది.

చీటీలో 'లోపం' అని ఒక గడి ఉంటుందక్కా. తాడు అరిగింది, తలుపు పట్టేసింది, అలా రాయాలి. నాలుగేళ్ళుగా టైపు అమ్మాయి ఇచ్చిన ఆ చీటీల్ని కట్టలు కట్టి అటక మీద పెట్టిందీ నేనే. ఒక్కటి చదివితే ఒట్టు. మేడమ్ మొదటి చీటీ చదివింది. రెండోది చదివింది. పదోదానికి వచ్చేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నలభై మూడు చీటీల్లోనూ బావ గుండ్రటి అక్షరాలు:

"లోపం: బావమరిది."

"ఈ భాగం ఏ కంపెనీదండీ?" అంది మేడమ్.

"మా అత్తగారి తయారీ మేడమ్. మార్చడానికి కుదరదు, సర్దుకుపోవాల్సిందే" అన్నాడు బావ.

నాకు నేల చీలితే బాగుండుననిపించింది. "తెలిసీ ఎందుకెళ్ళావు బావా?" అన్నాను.

"మొదటిసారి వెళ్ళి చూడగానే తెలిసిందిరా. అయితే? ఒకసారి నిజంగానే ఎవరో లోపల ఇరుక్కుని ఉంటే? నీ నోరు నమ్మలేక వాళ్ళని వదిలేయనా? వెళ్ళినవాణ్ణి ఊరికే కూర్చోలేక అదీ ఇదీ చూసి వచ్చేవాణ్ణి."

లోపం కింద మరో గడి ఉంది, చేసిన పని. అందులో ప్రతిసారీ ఏదో ఒకటి ఉంది. పట్టాలకు నూనె. తలుపు గాడి శుభ్రం. బ్రేకు బిగింపు. మేడమ్ నవ్వడం ఆపి, నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. తుడిచిన వరసలు అసలు పుస్తకం చూసి మళ్ళీ ఎక్కించమంది, పెద్దావిణ్ణి పక్కకి పెట్టి నిజమైన ఫిర్యాదులు లెక్కించమంది. బావ భవనంలో నాలుగేళ్ళలో మూడు. మిగతా భవనాల్లో ఎక్కడా ఇరవైకి తక్కువ లేవు. "చెడిపోకముందే చూసొచ్చే పద్ధతి అన్ని చోట్లా పెడదాం" అంది. నా రాజీనామా వెనక్కిచ్చి, "ఆ గడి ఖాళీగా ఉంది కదా, నాలుగేళ్ళ లోపాలూ మీరే కొట్టండి, మీ నలభై మూడుతో సహా" అంది. శిక్షంటే అదీ! పన్నెండోసారి 'బావమరిది' అని కొట్టేటప్పటికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

బయటికొచ్చాక ఆ పాత మాట అడిగేశాను. బావకి గుర్తే లేదు. తర్వాత తల గోక్కుంటూ, "అప్పటి మేనేజరు నీ సర్టిఫికెట్లు అడుగుతాడేమోనని ముందే అనేశాన్రా. నీ గుండెల్లో గుచ్చుకుందని ఒక్క ముక్క చెప్పొచ్చుగా. నలభై మూడు సార్లు ఫోను చేశావు" అన్నాడు. మోకాళ్ళ సంగతి ఎత్తితే, "అవి మా నాన్న ఇచ్చిన ఆస్తి, నీకు వాటా లేదు" అన్నాడు. అయినా సరే, శుక్రవారం నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను.

సాయంత్రం ఇద్దరం ఆ భవనానికి వెళ్ళాం. ఇన్నేళ్ళుగా దాని మీద ఫిర్యాదులు రాసినవాణ్ణి, ఆ లిఫ్టు ఎక్కడం అదే మొదటిసారి. కుదుపు లేదు, చప్పుడు లేదు. నాలుగో అంతస్తులో ఒకావిడ కూరగాయల సంచీతో ఎక్కింది, ఫోనులో ఎవరితోనో గొడవపడుతూ ఆరో అంతస్తులో దిగిపోయింది. మా వైపు గానీ, లిఫ్టు వైపు గానీ కన్నెత్తి చూడలేదు.

"చూశావా?" అన్నాడు బావ, తన కూతుర్ని చూసుకున్నంత మురిపెంగా. "బాగా నడిచేదాన్ని ఎవరూ పట్టించుకోరురా."

నేను పట్టించుకున్నానక్కా.

నీ తమ్ముడు,
లోపం