చీనా పొడుంబుడ్డి ఎవరికి?

విజయవాడ గవర్నర్‌పేట కాపురస్తురాలు, కీర్తిశేషులు పొడుంకొట్టు బసవయ్య గారి భార్య సంపూర్ణమ్మ అనే నేను, వయస్సు డెబ్బై ఎనిమిది, స్వహస్తాలతో రాస్తున్న వీలునామా. చత్వారం కళ్లకి వచ్చింది గానీ మతికి రాలేదు. ఎవరి ఒత్తిడీ లేదు. ఒత్తిడి చెయ్యాలని చూసినవాళ్ల సంగతి కింద రాశాను. దీన్ని అమలు జరిపే బాధ్యత ప్లీడరు ఎలీషా గారిది.

1. ఇల్లు నా కొడుకు కిరీటికీ, కోడలు ఉషశ్రీకీ సమానంగా చెందవలెను. ఇందులో తగువేమీ లేదు. తగువంతా బుడ్డితోనే.

2. సదరు బుడ్డి చీనా పింగాణీది. చూపుడువేలంత పొడుగు, తెల్లటి ఒంటి మీద నీలం చేపలు. మా మామగారు బందరు రేవులో కొన్నారు. మూతకి లోపలివైపు సన్నటి దంతపు చెంచా ఉంటుంది. దాంతో ముక్కుపొడుం తీసి, బొటనవేలి గోరు మీద పోసుకుని పీల్చాలి. నేను రోజూ చేసేది అదే. అద్దాల బీరువాలో పెట్టుకునే బొమ్మ కాదది.

3. మా మరిది హనుమయ్యకి ఆయన అన్నగారి గొడుగు. ఎలాగూ ఆయన దగ్గరే ఉంది. హనుమాన్ జంక్షన్ నుంచి ఆదివారం ఆదివారం "వదినా, ఒంట్లో ఎలా ఉంది?" అంటూ వస్తాడు. జవాబు వినకుండానే బుడ్డి తిరగేసి అడుగున ముద్ర చూస్తాడు. నా మొహం వంక ఒక్కసారైనా అంత శ్రద్ధగా చూశాడా?

కిరీటి మాత్రం తక్కువవాడా! బుడ్డికి ఫొటోలు తీసి హైదరాబాదులో ఎవరికో పంపాడు. "ఊరికేనమ్మా" అన్నాడు. ఊరికే అయితే మూతకి విడిగా ఫొటో ఎందుకు?

4. ఇంట్లో దొంగ ఉన్నారు. కొన్నేళ్లుగా పొడుం నేను పీల్చేదానికంటే ఎక్కువ తరుగుతోంది. మూత మీద తలవెంట్రుక పెట్టి చూశాను, తెల్లారేసరికి లేదు. అడిగితే అందరూ "ఛీ, కంపు" అనేవాళ్లే. ఉషశ్రీ అయితే కాపురానికి వచ్చిన నాటినుంచీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే నా గదిలోకి వస్తుంది. మరి ఆ కొంగు అంచుకి గోధుమరంగు మరకలెందుకో?

5. కాబట్టి నా పెద్దకర్మ అయ్యాక ఎలీషా గారు ఈ ముగ్గురినీ కూర్చోబెట్టి, తలో చిటికెడు పొడుం పీల్పించవలెను. అలవాటు లేనివాళ్లు తుమ్మి చస్తారు. తుమ్మనివారే దొంగ. బుడ్డి ఆ దొంగకే చెందవలెను. మిగతా ఇద్దరూ దాన్ని అమ్ముకుంటారు. దొంగ ఒక్కరే వాడుకుంటారు.

6. దొంగకి ఒక మాట. నువ్వు వదులుగా పెట్టి వెళ్లిన మూత రోజూ బిగించింది నేనే. నీకు చాలదేమోనని రెండు చెంచాలు ఎక్కువే పోస్తూ వచ్చాను. ఇప్పుడు నా అనుమానమల్లా ఒక్కటే, ఆ రోజు నలుగురిలో సిగ్గుపడి దొంగతుమ్ము తుమ్ముతావేమోనని. తుమ్మకు తల్లీ.

విజయవాడ, 14 నవంబరు 2024.

(సంతకం) సంపూర్ణమ్మ

సాక్షులు:
జీవరత్నం, కింది వాటా
జక్కయ్య, పక్క కొట్టు