ఇరవై కిలోల కాగితం

యారోస్లావ్ల్,
1981 మార్చి 15, ఆదివారం.

వేన్యాకు,

నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేనూ, మా అమ్మా, నీ రెండువేల నాలుగువందల పుస్తకాలూ ఉన్నాం. అందరిలోకీ కులాసాగా ఉన్నది పుస్తకాలే. వాటికి జలుబు చెయ్యదు, కీళ్ళు నొప్పి పుట్టవు, తెల్లారకుండా లేచి డ్యూటీకి పోనక్కర్లేదు.

నీ ఉత్తరం గురువారం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి చదువుతూ ఒళ్ళు మండిపోయి పొయ్యి మీద పాలు పొంగినా చూసుకోలేదు. రెండోసారి పెన్సిలు పట్టుకుని నీ ప్రశ్నలు లెక్కపెట్టాను. ఏడు. ఆరు పుస్తకాల గురించి. ఏడోది మార్జిన్లో, నిలువుగా, చీమ తలకాయంత అక్షరాలతో ఉంది: "అత్తయ్య కళ్ళెలా ఉన్నాయి?" అడగాలని అడిగావో, చోటు మిగిలిందని అడిగావో నాకు తెలీదు. సరే, వరసగానే జవాబులు చెప్తాను. నీకు వరస తప్పితే నిద్ర పట్టదు కదా.

నాలుగో సంపుటం వచ్చిందా? రాలేదు. లైన్లో చోటు పోకుండా పుస్తకాల కొట్టు దగ్గర హాజరు చెప్పుకుంటున్నావా? చెప్పుకుంటున్నాను మహాప్రభో. ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం, పొద్దున్న ఏడింటికి, మంచులో. నీ నంబరు నూట పద్దెనిమిది నా అరచేతిలో ఊదారంగు పెన్సిలుతో రాసి ఉంది. అది సబ్బుకి పోదు. మొన్న పాలీక్లినిక్‌లో ఒక ముసలావిడకి రక్తం తీస్తుంటే, నా చెయ్యి చూసి, "నిన్నెప్పుడు వదిలిపెట్టారమ్మా జైలునుంచి?" అని జాలిగా అడిగింది. మొన్న శుక్రవారం లిస్టు పట్టుకునే రిటైర్డ్ లెక్కల మాస్టారు నన్ను పట్టుకున్నాడు.

"నూట పద్దెనిమిది!"

"ఉన్నా!"

"ఇదేంటి, ఆడగొంతు? ఇక్కడ వెనియమిన్ అని ఉందే?"

"ఆయన పెచోరాలో పని మీద ఉన్నాడు. నేను పెళ్ళాన్ని."

"ఇంతకీ పుస్తకం నీక్కావాలా?"

"నాకెందుకండీ?"

"అక్కర్లేనివాళ్ళకి లైన్లో చోటెందుకమ్మా మరి?"

"అదే నేనూ ఆయన్ని పన్నెండేళ్ళుగా అడుగుతున్నా!"

లైను లైనంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, ఇంటికొచ్చి, చలికి మొద్దుబారిన వేళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని ఏడ్చాను.

కిటికీ మూసే ఉంచుతున్నాను. పుస్తకాల వీపులకి ఎండ తగలకుండా పేపర్లు అంటించే ఉన్నాయి. ఎవరికీ అరువివ్వలేదు. ఇవి నీ మూడో, నాలుగో, ఆరో ప్రశ్నలు. అయిదోది తర్వాత చెప్తాను. అయిదోది అంత తేలిగ్గా అయ్యేది కాదు.

ముందు ఏడోది. అమ్మ కళ్ళు పోయాయి. పూర్తిగా. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. జనవరిలో పల్లె నుంచి తెచ్చేశాను, వచ్చిందని నీకు రాశాను కూడా. ఎక్కడ పడుకుంటోందని నువ్వు అడగలేదు. నేనే చెప్తాను. ఉన్న ఒక్క గదిలో నీ రెండు వరసల అలమారల మధ్య మడతమంచం వేశాను. పక్కకి ఒత్తిగిలితే మోచెయ్యి అట్టలకి తగులుతుంది. మొదటివారమే పైన నువ్వు రెండు వరసల్లో కుక్కిన వాటిలోంచి ఒక విజ్ఞాన సర్వస్వం జారి ఆవిడ మోకాలి మీద పడింది. నేను నిన్ను నానా మాటలూ అంటుంటే అమ్మ మోకాలు రుద్దుకుంటూ, "తిట్టకే నోన్నా. ఈ వయసులో నాకు చదువు అబ్బాలంటే ఇలా మీద పడాల్సిందే," అంది. ఆవిడకి నువ్వంటే అంత ఇష్టం. అందుకే నాకు ఇంత కోపం.

ఎందుకంత ఇష్టమో నీకు తెలుసు. మా నాన్న యుద్ధం నుంచి రాసిన ఉత్తరాలు ప్రతి ఏడూ మే తొమ్మిదిన, విజయదినం పండక్కి, నువ్వే చదివిపెట్టేవాడివి. మా పల్లెలో ఇల్లంతా నిండిపోయేది. మొగుళ్ళు తిరిగిరాని ఆడవాళ్ళందరూ బల్ల చుట్టూ చేరితే, కవరు లేకుండా మూడు మూలలుగా మడిచిన ఆ ఉత్తరాలు నువ్వు ఒక్కొక్కటే విప్పి, తొందరపడకుండా చదివేవాడివి. నేను పుట్టక ముందే వెళ్ళినాయన ఆ గదిలోకి వచ్చి కూర్చున్నట్టుండేది. నీ గొంతుకే నేను పడిపోయాను వేన్యా, నీ పుస్తకాలకి కాదు. ముప్ఫై ఏడు ఉత్తరాలు. వాటిని వదిలితే నాకు తండ్రి అన్నవాడి ఆనవాలే లేదు. ఒక ఫొటో కూడా లేదు.

పోయిన వేసవిలో కంటి ఆపరేషనుకి వచ్చినప్పుడు అమ్మ ఆ మూట నా చేతిలో పెట్టింది. "అల్లుడింట్లో ఉంటే కాగితం భద్రంగా ఉంటుందే," అంది. ప్లైవుడ్ పెట్టెలో పెట్టి మంచం కింద తోశాను. నీకు చెప్పాను కూడా. నువ్వు ఏదో పుస్తకానికి అట్ట వేస్తూ, తలెత్తకుండా, "ఊఁ," అన్నావు.

అమ్మ వచ్చిన మర్నాడే అడిగింది: "ఏదీ, మీ నాన్నని ఓసారి నా చేతికియ్యి." పెట్టె లాగి మూత తీశాను. అందులో నీ పుస్తకాలు మూడున్నాయి. నున్నగా, తీరుగా. పై పుస్తకానికి మా అమ్మ గళ్ళ రుమాలు చుట్టి ఉంది. ఉత్తరాలు కట్టిన రుమాలు.

ఇల్లంతా గాలించాను. దొరకలేదు. అప్పుడు నీ సొరుగులో చిత్తుకాగితాలిచ్చి తెచ్చుకున్న కూపను కనపడింది. సెప్టెంబరు పద్దెనిమిది. నువ్వు పెచోరాకి బయల్దేరే ముందురోజు. చిత్తుకాగితాలు తీసుకునే బండి దగ్గరికి పరిగెత్తాను. అక్కడి క్లావ్దియా నిన్ను మర్చిపోలేదు.

"గుర్తులేకేం! పేపర్లు మోసుకొచ్చాడు. ముల్లు ఇరవై కిలోలకి వెంట్రుకవాసి కింద ఆగింది. 'ఇవాళ్టికి ఇదే ఆఖరు కూపను, వెనకాల ఇంకోడున్నాడు' అన్నా. బతిమాలి, ఇంటికి పరిగెత్తి, సంచిలో ఏవో తెచ్చి గుమ్మరించాడు. మూడు మూలల కాగితాలు కనపడ్డాయమ్మా నాకు. 'ఇవేంటయ్యా, ఓసారి చూసుకో' అన్నా. 'పాత కాగితాలే, తొందరగా తూచండి' అన్నాడు. కాగితాల వంక చూస్తేగా! ముల్లు వంకే గుడ్లప్పగించి చూస్తున్నాడు."

"ఇప్పుడెక్కడుంటాయి అవి?"

"ఇంకెక్కడమ్మా? ఆ వారమే మిల్లుకి పోయాయి. గుజ్జయి, మళ్ళీ కాగితమయ్యుంటాయి."

ఇదీ సంగతి. ఇరవై కిలోల చిత్తుకాగితానికి ఒక కూపను, కూపనుకి కొట్లో దొరకని ఒక నవల. తక్కువైన ఆ కాస్త కాగితానికి నువ్వు మా నాన్నని తూకం వేసి ఇచ్చేశావు. కావాలని చేశావని అనను. పైనున్న రుమాలు పనికొస్తుందని దాచుకున్నావు, లోపలున్నది చూడలేదు. దొంగబుద్ధితో చేసుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. చూడకుండా చేశావు! పన్నెండేళ్ళు మా అమ్మ ముందు కూర్చుని ఆ కాగితాలు చదివినవాడివి, చేతిలో పట్టుకుని కూడా చూడలేదు. అట్ట లేకపోతే నీకు అది కాగితమే కాదు. థూ!

ఇక నీ అయిదో ప్రశ్న: కూపను గడువు ఈ నెలాఖరు, కొన్నావా? కొన్నాను. కత్తియుద్ధాల నవల, ఎర్ర అట్ట, బంగారు అక్షరాలు. దుమ్ము పడకుండా గుడ్డ చుట్టి పెట్టాను. నీ పుస్తకం నీకు దక్కింది.

ఇప్పుడు నేను చేసింది చెప్తాను. ఇది రాయడానికి రెండు నెలలుగా జంకుతున్నాను. కూర్చుని చదువు.

నేను అమ్మకి చెప్పలేకపోయాను. "పెట్టె తాళంచెవి కనపడలేదమ్మా, రేపిస్తా," అన్నాను. అబద్ధం ఒకసారి నోరు దాటాక ఆగదు. ఆ మూడు మూలల మడత ఎలా వెయ్యాలో నాకు వచ్చు, చిన్నప్పుడు ఆడుకోవడానికి మడిచేదాన్ని. కావలసింది పాతకాలపు గరుకు కాగితం, రాత లేనిది. ఆలోచిస్తే అది మన ఇంట్లోనే కావలసినంత ఉంది. నీ పాత పుస్తకాలకి ముందూ వెనకా ఖాళీ పుటలుంటాయి కదా, ఒక్క మరక పడ్డా నువ్వు వారం రోజులు అన్నం ముట్టని ఆ పుటలు? నీ గడ్డం బ్లేడుతో కోశాను. నీ పై అరలోవి, గాజు తలుపు వెనక తాళం వేసినవి, జార్ చక్రవర్తుల కాలంలో అచ్చయినవి. ముప్ఫై ఏడు పుస్తకాలు, ఒక్కోదానికి ఒక్కో పుట. మొదటిదానికి కాస్త భయమేసింది. అయిదోదానికల్లా హాయిగా అనిపించింది.

లెక్క తగ్గకూడదు. అమ్మ రోజూ సాయంత్రం వాటిని ఒళ్ళో పోసుకుని వేళ్ళతో లెక్కపెడుతుంది. మొదటిరోజు ఒకదాన్ని చాలాసేపు తడిమి, "కాగితం మందంగా ఉందేమే. యుద్ధంలో మీ నాన్నకి ఇంత మంచి కాగితం ఎవరిచ్చారు?" అంది.

"నీ వేళ్ళు మొద్దుబారాయి అమ్మా," అన్నాను.

"అయ్యుంటుంది," అంది. "చదువు."

అక్కడే దొరికిపోయాను వేన్యా. నాకు గుర్తున్నవి పదకొండు. అవీ సగం సగం. మిగతావి నాకు తెలీవు. సొంత తండ్రి ఉత్తరాలు! నువ్వు చదువుతున్నప్పుడల్లా నేను వంటింట్లో క్యాబేజీ కూరిన పిరోగ్ రొట్టెలు కాల్చుకుంటూ ఉండేదాన్ని, ఎక్కడికి పోతాయిలే, వచ్చే ఏడు వింటాలే అనుకుంటూ. నిన్ను తిట్టినంతా నన్నూ తిట్టుకుంటున్నాను, ఆ సంగతి కూడా తెలుసుకో. ఆ పదకొండూ తిప్పి తిప్పి చదువుతున్నాను. మొన్నొక దాన్లో మా నాన్న చేత నది దాటించాను, సొంతంగా కల్పించి. అమ్మ తల పక్కకి తిప్పుకుంది.

ఇవాళ మధ్యాహ్నం టీ తాగి, "గుర్రం ఉత్తరం చదవవే," అంది.

గుర్రం ఉత్తరమేదో నాకు తెలీదు. అది చదివినప్పుడు ఆడవాళ్ళు విరగబడి నవ్విన నవ్వు వంటింట్లోకి వినపడేది, అంతవరకే నాకు తెలుసు. నేను గొంతు సవరించుకుని, "ప్రియమైన దూన్యా, ఇక్కడ మాకొక గుర్రం..." అని మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి చాపి నా చేతిలోంచి ఆ కాగితం తీసేసుకుంది.

"వద్దులే. ఇది నీ వల్ల కాదు. అల్లుడే చదవాలి. వచ్చేస్తున్నాడుగా, పండక్కి చదువుతాడు. మన పల్లె ఆడవాళ్ళకి కబురు పెట్టు, అందరూ ఇక్కడికే రమ్మను."

కబురు పెట్టాను. తొమ్మిదిమంది వస్తున్నారు. ఏప్రిల్ చివరికి వస్తానని రాశావు కాబట్టి నీకు తప్పించుకునే దారి లేదు. అమ్మకి నేను నిజం చెప్పలేదు, చెప్పను. అది నీ పని. ఆ రోజు ఆవిడ దిండు కింద నుంచి ఆ కాగితం తీసి నీ చేతికిస్తుంది. విప్పి చూడు, అది ఏ పుస్తకంలోదో నీకు చప్పున తెలుస్తుంది. ఏ ఏడు అచ్చయిందో, ఎన్ని ప్రతులు వేశారో కూడా తెలుస్తుంది. దాని మీద ఒక్క అక్షరం ఉండదు. చుట్టూ పదిమంది నీ నోటి వంకే చెవులు పెట్టుకుని కూర్చుంటారు. చదువుతావో, ఏం చేశావో చెప్తావో నీ ఇష్టం. నేను ఈసారి వంటింట్లో ఉండను. నీ ఎదురుగా, అమ్మ పక్కన కూర్చుంటాను.

ఒళ్ళు జాగ్రత్త. మఫ్లరు చుట్టుకోకుండా బయట తిరగకు. గొంతు పాడైతే ఊరుకోను.

ఇట్లు,
ముప్ఫై ఏడు ఉత్తరాలు రాసిన స్తెపాన్ గారి కూతురు
నోన్నా