యంత్రం చదవని పంక్తి

నెఫ్తా, సోమవారం

చి. ఉల్ఫాకు మిఫ్తాహ్ బాబాయి దీవించి రాసేది,

ఖర్జూరం తోటలకు నీళ్ల వంతులు వేయడానికి నువ్వు చేసిచ్చిన ప్రోగ్రామ్ మొండికేసింది. కమాండ్ పక్కన పేర్లు కొట్టుకుంటూ పోతే అరవై మూడో ఇంటి దగ్గర తెగిపోతోంది. ఆ చివరి పేరు జోహ్రాది. భర్త పోయిన మనిషి. కాలువ చివరి మడి ఆమెది కనుక ముందుకు జరపలేను. కొత్తగా నాటిన పదకొండు పిలకలూ వాడుతున్నాయి. శనివారం తూము ఎత్తాలి.

ఇట్లు, మిఫ్తాహ్

తా.క. నలభై ఏళ్లు నోట్‌బుక్కులో వంతులు రాశాను. అది ఏనాడూ చోటు చాలదనలేదు.

ట్యూనిస్, మంగళవారం

బాబాయికి సలాములు.

కమాండ్ పొడవుకు హద్దుంది. పేర్లన్నీ ‘వంతులు’ అనే ఫైల్లో పంక్తికొకటి రాయండి. కమాండ్‌లో పేర్లకు బదులు @వంతులు అని కొట్టండి, చాలు. ప్రోగ్రామే ఫైలు తెరిచి, మీరు చేత్తో కొట్టినట్టే చదువుకుంటుంది.

మీ ఉల్ఫా

తా.క. పిన్ని పోయి తొమ్మిదేళ్లయింది. ఊరికే లెక్కేశాను.

నెఫ్తా, ఆదివారం

చి. ఉల్ఫాకు,

నువ్వు చెప్పినట్టే రాశాను. దేవుణ్ణి తలవకుండా కాగితం మొదలుపెట్టే అలవాటు నాకు లేదు. తర్వాత చదివేవారి క్షేమం అడిగాను. కింది వారికి నీళ్లివ్వ ప్రార్థన అన్నాను. ఆ మూడు పంక్తులకీ యంత్రం తలా ఇరవై నిమిషాలు వేసింది. తూము కాసే లజ్హర్ కాగితం దాటడు. దేవుడి వంతు మసీదు వైపు వదిలాడు. క్షేమం రోడ్డు మీదికి వదిలాడు. ప్రార్థనను తన మడికే తిప్పుకున్నాడు. “కాగితంలో ఉంది హాజీ, నన్నేం చెయ్యమంటావు” అంటాడు. జోహ్రా దాకా వచ్చేసరికి కాలువలో బురద మిగిలింది. పిలకలు ఇంకో వారం ఆగవు.

ఇట్లు, మిఫ్తాహ్

తా.క. నీ తా.క. నేను చదవలేదు. ఇమామ్ గారు మాత్రం యంత్రం చాలా మంచిదంటున్నారు.

ట్యూనిస్, సోమవారం

బాబాయికి,

యంత్రానికి మర్యాదలు తెలియవు. ఏ పంక్తి కనిపించినా మనిషే అనుకుంటుంది. మీ మాటల ముందు # గుర్తు పెట్టండి. ఇక ఆ పంక్తిని చూడనైనా చూడదు.

మీ ఉల్ఫా

తా.క. మనసులోవి కూడా రాసుకోవచ్చు.

నెఫ్తా, ఆదివారం

ఉల్ఫా,

దీవెనలు తర్వాత. నా పేరు తీసేసి జోహ్రా పేరు రెండుసార్లు రాశాను. నలభై నిమిషాలు పారింది, పిలకలు నిలబడ్డాయి. అక్కడిదాకా బాగానే ఉంది.

ఆమె పేరు కింద ఇలా రాసుకున్నాను: # నా వంతు ఆమెకే. మూడేళ్లుగా ఇస్తున్నాను. చెప్పే ధైర్యం లేదు.

శుక్రవారం లజ్హర్‌ను మసీదు గోడకు యంత్రం వేసిచ్చిన వంతుల కాగితం అంటించమన్నాను. పేరు చూసి ‘వంతులు’ ఫైలునే అచ్చు తీసి అంటించాడు. యంత్రం చూడదన్నావు, చూడలేదు. ఊరు చూసింది. నమాజు నుంచి వచ్చేవాళ్లు నా పక్కన నడుస్తూ దగ్గుతున్నారు. కాఫీ కొట్టు సాలిమ్ “నాకూ ఓ # పెట్టు హాజీ, మా ఆవిడ చదవకుండా” అన్నాడు.

నిన్న నీళ్లు పారాక జోహ్రా వచ్చింది. గోడ ముందు నిలబడి మొత్తం చదివింది. లజ్హర్ చెవి మీది పెన్సిల్ తీసుకుని, నా మాట ముందున్న # ని కొట్టేసి వెళ్లిపోయింది. “ఏమైనా అందా?” అని వాణ్ణడిగాను. “నాకేం తెలుసు హాజీ, పెన్సిలైతే తిరిగివ్వలేదు” అన్నాడు.

ఇట్లు, మిఫ్తాహ్

తా.క. # తీసేస్తే ఆ పంక్తి లెక్కలోకి వచ్చినట్టేగా? నేననుకున్నదేనా? ఈ ఉత్తరం తెచ్చిన టాక్సీ డ్రైవర్ని నీ జవాబు చేతికి వచ్చేదాకా అక్కడే కూర్చోమన్నాను. అన్నం పెట్టు.