ఆరో నంబరు

4 ఫిబ్రవరి 1962, ఆదివారం

ఇవాళ మైపాడు చర్చిలో సాక్ష్యం చెప్పాను. ఉప్పు కాలువ మీద అయిదు లాకులు, అన్నిటికీ కలిపి ఒకటే టెలిఫోన్ తీగ. పడవ వస్తోందని ఒక లాకుకు ఫోన్ చేస్తే అయిదు చోట్లా గంట మోగుతుంది, అయిదుగురూ ఫోన్ తీసి వింటారు. దీనికి లైను మెకానిక్ హెబ్రోను విరుగుడు కనిపెట్టారు. (నోటితో అనలేని మా ఆయన పేరు ఇక్కడైనా రాసుకుంటాను.) లాకుకొక పళ్ల చక్రం, ఒక్కోదానికి గంట ఒక్కో పంటి దగ్గర. తీగలో మూడుసార్లు కరెంటు కొడితే చక్రాలన్నీ మూడు పళ్లు తిరుగుతాయి, గంట మాత్రం మూడో లాకులోనే మోగుతుంది.

రెండేళ్ల కష్టం, ఇప్పటికి ఫలించింది. దేవుడు మేలు చేశాడని ఊరికే చెప్పి కూర్చోవచ్చు. టీచర్‌ని కదా, బ్లాక్‌బోర్డు తెప్పించి చక్రం బొమ్మ వేసి మరీ చెప్పాను. ఆయన సిగ్గుతో తల ఎత్తలేదు.

10 మార్చి

నా సాక్ష్యం సంఘ పత్రికలో అచ్చయింది, బొమ్మతో సహా! ఆయన కృష్ణపట్నం వైపు క్యాంపులో ఉన్నారు. వచ్చాక చూపిద్దామని బీరువాలో దాచాను.

19 మార్చి

మద్రాసు పేటెంట్ ఏజెంట్ ఉత్తరం రాశాడు. ఆయన చక్రం దరఖాస్తు కలకత్తా పేటెంట్ ఆఫీసుకు పంపబోతున్నాడట. ఒకటే ప్రశ్న. ఈ సంగతి ఇంతకు ముందు ఎక్కడైనా అచ్చయిందా? అయి ఉంటే పేటెంట్ రాదట.

రెండుసార్లు చదివాను. బీరువాలోంచి పత్రిక తీసి చూశాను.

20 మార్చి

కలకత్తాలో మా సంఘ పత్రిక ఎవరు చదువుతారు?

21 మార్చి

ఎవరూ చదవరు.

24 మార్చి, సాయంత్రం 5

చెప్పేశాను. ఆయన చెప్పులైనా విప్పకముందే ఉత్తరం, పత్రిక రెండూ చేతిలో పెట్టి ఏడ్చేశాను. అచ్చు కాలేదని రాసేద్దామని కూడా అన్నాను, సిగ్గు లేకుండా.

దేవుని ముందర చెప్పినదాన్ని చెప్పలేదని ఎట్లా రాసేది కుమారీ, అన్నారు. బొమ్మను చాలాసేపు చూశారు. నేను ఏజెంటుకు నాలుగు పేజీలు రాసినా ఇంత తేటగా చెప్పలేకపోయినాను, నువ్వు బాగా చెప్పినావు, అన్నారు. ఆ మాటకు ఇంకా ఏడుపొచ్చింది.

అత్తయ్య రెబెక్కమ్మ గారు ఇద్దరికీ మజ్జిగ తెచ్చారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నీ నోరు మరీ మంచిదైపోయింది గదమ్మా, అన్నారు.

అచ్చయిందని ఆయనే జవాబు రాసి, పత్రిక జత చేశారు.

25 మార్చి

తిట్టి ఉంటే బాగుండేది. నమూనా చక్రాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టారు. నేను చూడలేదనుకున్నారు.

9 ఏప్రిల్

ఇక కుదరదని ఏజెంట్ రాశాడు.

16 జూన్

ఆయన చక్రాలు వాడడానికి పై ఆఫీసు ఒప్పుకుంది. ఆయనే అటక మీది చక్రం దించి, అలాంటివే ఇంకో అయిదు చేశారు. లాకుల్లో బిగించేశారు. ఇప్పుడు ఎవరి గంట వాళ్లకే. ఆరోది మా క్వార్టర్స్‌లో, లైను చెడితే ఆయన్ను పిలవడానికట.

2 జూలై, మధ్యాహ్నం

ఆరో నంబరు మోగింది. మూడో లాకు నుంచి ఆయనే. లైను బాగానే ఉందట.

తరువాత ఒక మాట అన్నారు. అది చర్చిలో చెప్పను. ఇక్కడా రాయను.